బూజుతో చుట్టరికం

ఎండు మిరపకాయ పైకి ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. తొడిమ ఊడదీసి నిలువునా చీలిస్తే మాత్రం ఒక్కో కాయలో గింజల చుట్టూ పసుపాకుపచ్చని పొడి కనిపిస్తుంది, మక్కిన వాసన ముక్కుకు తగులుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం కాయలో కాపురం పెట్టి విడిచిన సిద్ధబీజాలే ఆ పొడి. వరంగల్‌లో కాశిబుగ్గకు దగ్గర్లోనే ఉన్న ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో వేల బస్తాలు దిగుతాయి. కొనేవాళ్లు కాయ రంగు చూస్తారు, పిడికిట్లో నలిపి తేమ అంచనా కడతారు, తాలు ఎంత ఉందో చూసి ధర కడతారు. లోపల ఏం పెరుగుతోందో పైచూపుకు తేలదు. అది తేల్చడానికి ప్రయోగశాల కావాలి. ఆ పని మొదలుపెట్టిన పరిశోధన పంట దగ్గర ఆగలేదు. కాలేయం దాకా, కంటి గుడ్డు దాకా, చివరికి జీవకణం లోపలి యంత్రాంగం దాకా వెళ్లింది. అందులో చెప్పుకోదగ్గ భాగం హైదరాబాద్, వరంగల్ ప్రయోగశాలల్లోనే జరిగింది.

శిలీంధ్రానికి తెలుగునాట చాలా పేర్లున్నాయి. పచ్చడి జాడీలో కనిపిస్తే బూజు, చేలో కనిపిస్తే తెగులు, ఒంటి మీద కనిపిస్తే తామర, తొలకరి వానకు చెట్టు కింద మొలిస్తే పుట్టగొడుగు. పిండి పులియబెట్టే ఈస్టూ ఈ కుటుంబానిదే. పుట్టగొడుగు అన్న మాటలో ఒక నిజం దాగి ఉంది. చెదలు తమ పుట్ట లోపల టెర్మిటోమైసెస్ అనే శిలీంధ్రాన్ని నిజంగానే సాగు చేస్తాయి. నమిలిన ఆకూ కట్టె మీద దాన్ని పెంచి, దాన్నే తింటాయి. వానకు పుట్ట మీద గొడుగులా లేచేది ఆ పంట తాలూకు ఫలభాగమే. శాస్త్రజ్ఞులు ఇప్పటికి లక్షన్నర దాకా శిలీంధ్ర జాతులకు పేర్లు పెట్టారు. అసలు ఉన్నవి 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండవచ్చని 2017లో వేసిన అంచనా చెబుతోంది.

బూజుకు నోరు లేదు, కడుపు లేదు. వెంట్రుక కంటే ఎంతో సన్నని దారాలుగా పెరుగుతుంది. దారం కొనలోంచి జీర్ణరసాలను బయటికి వదిలి, గింజనో కట్టెనో చర్మాన్నో బయటే కరిగించి, కరిగిన సారాన్ని పీల్చుకుంటుంది. అందుకే అది తినేదాని లోపలే బతకాలి. ఒక చోట తిండి అయిపోతే సిద్ధబీజాలు గాలికి ఎగురుతాయి. ప్రతి గుక్క గాలిలోనూ అవి మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న శరీరం వాటిని అక్కడికక్కడే మట్టుపెడుతుంది.

చాలాకాలం శిలీంధ్రాలను మొక్కల్లో జమకట్టారు. పాఠ్యపుస్తకాల్లో అవి వృక్షశాస్త్రం కిందే వచ్చేవి, ఇప్పటికీ చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ శాఖ దగ్గరే ఉన్నాయి. జన్యువులను పోల్చి చూసే పద్ధతులు వచ్చాక లెక్క మారింది. శిలీంధ్రాలూ జంతువులూ సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం ఒకే పూర్వీకుడి నుంచి విడిపోయిన పాయలని, మొక్కలు అంతకుముందే వేరుపడ్డాయని తేలింది. మనిషి పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాడు, బూజూ అంతే. మనిషి కణాల పొరలో కొలెస్టరాల్ ఉంటుంది, బూజు పొరలో దానికి తోబుట్టువు లాంటి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఈ దగ్గరితనం వల్ల మూడు పర్యవసానాలు ఉన్నాయి. బూజు చేసే విషం మన కణానికి సులభంగా తగులుతుంది. బూజును చంపే మందు మనకూ కొంత హాని చేస్తుంది. బూజు కణాన్ని విప్పి చూస్తే మన కణం గుట్టు తెలుస్తుంది.

రొట్టెలో విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలల్లో చచ్చిపోయాయి. కారణం తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టారు. దాణాలో కలిపిన వేరుశనగ చెక్క మీద అనుమానం వచ్చింది. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ దొరికింది, అది చేసిన విషమూ దొరికింది. ఆ బూజు పేరులోని అక్షరాలు తీసుకొని విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు.

మనుషుల మీద దాని దెబ్బ ఎంత తీవ్రంగా ఉంటుందో ప్రపంచానికి తెలియజెప్పింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1974 చివరలో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులోని బాంస్వాడా, పంచమహల్ జిల్లాల ఊళ్లలో జనం కామెర్లతో, పొట్టలో నీరు చేరి పడిపోవడం మొదలైంది. వైరస్ వల్ల వచ్చే కామెర్లు అయితే ఇంటి నుంచి ఇంటికి, ఊరి నుంచి ఊరికి పాకాలి. ఇవి మక్కజొన్న ముఖ్య ఆహారంగా ఉన్న ఇళ్లలోనే వచ్చాయి. అదే రొట్టె తిన్న కుక్కలకూ పొట్టలు ఉబ్బాయి. ఈ చివరి సంగతే పరిశోధకులను సరైన దారిలో పెట్టింది. కోత వేళ అకాల వర్షాలకు తడిసిన మక్కకంకులను సరిగా ఆరకుండానే ఇళ్లలో నిలవ చేసుకున్నారు. వాటిలో అఫ్లటాక్సిన్ కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఉంది. జబ్బుపడిన 397 మందిలో 106 మంది చనిపోయారు. కె.ఎ.వి.ఆర్.కృష్ణమాచారి, రమేశ్ వి.భట్, వి.నాగరాజన్, టి.బి.జి.తిలక్ రాసిన ఈ పరిశీలన 1975లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. విషపు బూజు గురించి ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఈ సంఘటన ప్రస్తావన వస్తుంది.

ఈ విషం కాలేయంలో చేసే పని విచిత్రంగా ఉంటుంది. అఫ్లటాక్సిన్ బీ1 నోటి ద్వారా వెళ్లేటప్పుడు అంత చురుకైన పదార్థం కాదు. శరీరంలోకి వచ్చిన పరాయి రసాయనాలను విరగ్గొట్టి బయటికి పంపే బాధ్యత కాలేయానిది. ఆ పనికి సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైములున్నాయి. అవి అఫ్లటాక్సిన్‌నూ అలాగే మార్చబోతాయి. ఆ మార్పులో పుట్టే రూపమే ప్రమాదకరమైనది. అది వెళ్లి డీఎన్ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. కణం అదుపు తప్పి పెరగకుండా కాపలా కాసే పీ53 జన్యువులో, 249వ స్థానంలో, ఒక అక్షరం బదులు మరొకటి పడుతుంది. అఫ్లటాక్సిన్ ఎక్కువగా తినే ప్రాంతాల్లో కాలేయ క్యాన్సర్ గడ్డలను పరీక్షిస్తే ఇదే స్థానంలో ఇదే మార్పు పదేపదే కనిపిస్తుంది. నేరస్థలంలో దొరికిన వేలిముద్ర లాంటిది అది. మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైన పదార్థాల మొదటి వర్గంలో అఫ్లటాక్సిన్ ఉంది.

వండితే పోతుందనుకోవడం పొరపాటు. ఇంటి పొయ్యి మీద ఎంత ఉడికించినా బూజు చస్తుంది గానీ విషం అలాగే ఉంటుంది. ఆ అణువు విరగాలంటే 230 డిగ్రీలు దాటిన వేడి కావాలి. బూజు పట్టిన వేరుశనగ చెక్క తిన్న గేదె పాలలోకి కూడా అది రూపం మార్చుకొని వస్తుంది. మన దేశంలో ధాన్యాల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు, మసాలా దినుసుల్లో 30, పాలలో 0.5 మైక్రోగ్రాములకు మించకూడదన్నది నిబంధన. యూరప్ దేశాలు మిర్చి విషయంలో 10 దగ్గరే గీత గీశాయి. ఎగుమతికి వెళ్లిన సరుకు వెనక్కి రావడానికి ఈ తేడా చాలు.

పోషకాహార సంస్థ 1995లో మరో విషాన్ని గుర్తించింది. ఈసారి దక్కన్ పీఠభూమిలోనే. అకాల వానకు నానిన జొన్నలు, మక్కజొన్నలు తిన్న ఊళ్లలో కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. పరిశీలించిన 50 గ్రామాల్లో 27 గ్రామాలు దీని బారిన పడ్డాయి. ఫ్యుజేరియం అనే బూజు చేసిన ఫ్యుమోనిసిన్ అందుకు కారణం. ఈ అణువు మన కణపు పొరకు కావాల్సిన ఒక కొవ్వు పదార్థానికి ముడిసరుకులా నటిస్తుంది. దాన్ని తయారుచేసే ఎంజైము మోసపోయి నిలిచిపోతుంది.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం దశాబ్దాలుగా మైకోటాక్సిన్లు అనే ఈ బూజు విషాల మీద పనిచేస్తూ వచ్చింది. మార్కెట్ యార్డు ఉన్న ఊళ్లోనే ఆ ప్రయోగశాల ఉండటం విశేషం. మిరపలో ఈ సమస్యకు మూలం ఆరబెట్టడంలోనే ఉంది. కోసిన పండు మిరపలో నీరే ఎక్కువ. నిలవకు పనికిరావాలంటే తేమ 10, 11 శాతానికి దిగాలి. అందుకు పది పదిహేను రోజుల ఎండ కావాలి. ఆ రోజుల్లో కాయ మట్టి కల్లంలో పడి ఉంటే నేలలోని సిద్ధబీజాలు అంటుకుంటాయి. రాత్రి మంచు కురిస్తే పగలు ఆరిన తొక్క మళ్లీ మెత్తబడుతుంది. వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఆ కాయకు రంగు ఎక్కువ, కారం తక్కువ, కండ ఎక్కువ. కండ ఉన్న కాయ లోపల ఆరడం ఆలస్యమవుతుంది. బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు ఇంకో ముప్పు. చల్లిన నీరు తొడిమ సందులోంచి లోపలికి దిగి, గాలి ఆడని బస్తాలో బూజుకు కావాల్సిన తడిని సమకూరుస్తుంది. టార్పాలిన్ మీదో సిమెంటు కల్లంలోనో ఆరబెట్టడం, సాయంత్రం కుప్ప చేసి కప్పడం, నీళ్లు చల్లకుండా సంచుల్లో నింపడం అనే మూడు పనులు ఏ మందు కంటే బాగా పనిచేస్తాయి. ఇంత సులువైన విషయం రైతుకు తెలియక కాదు. తేమ ఉన్న సరుకు బరువు తూగుతుంది, ఆరిన సరుకు తరుగు పోతుంది. బాగా ఆరబెట్టిన రైతుకు ఆ తరుగును ధరలో కలిపి ఇచ్చే ఏర్పాటు లేనంత కాలం ఈ చిక్కు తీరదు.

వేరుశనగలో కథ నేల లోపలే మొదలవుతుంది. కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేస్తే, వేడెక్కిన మట్టిలో బూజు నేరుగా కాయలోకి దూరుతుంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీని మీద చాలాకాలంగా పనిచేస్తోంది. మొదట తక్కువ ఖర్చుతో విషాన్ని కొలిచే పరీక్షలు తయారుచేసింది. పావుగంటలో ఫలితం చెప్పే చిన్న పట్టీ పరికరాన్ని 2016లో తెచ్చింది. తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు పూజా భట్నాగర్ మాథుర్, కిరణ్ శర్మ బృందం అమెరికాలోని దిలీప్ షాతో కలిసి ఇంకా లోతైన పని చేసింది. బూజును అడ్డుకునే రెండు ప్రోటీన్ల జన్యువులను వేరుశనగలో పెట్టారు. దానికి తోడు, బూజులో విషం తయారుచేసే జన్యువుల నోరు నొక్కే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను మొక్క చేతనే చేయించారు. గింజను తినడానికి వచ్చిన బూజు ఆ ముక్కలనూ మింగుతుంది, దాని విషపు కార్ఖానా మూతపడుతుంది. మామూలు గింజల్లో వంద కోట్లలో 2000 భాగాలు దాటిన విషం ఈ గింజల్లో 20 భాగాలకు మించలేదు. ఇది ప్రయోగశాలలో సాధించిన ఫలితం. జన్యుమార్పిడి పంట పొలానికి రావడం వేరే ప్రయాణం.

ఆకు మీద అరచుక్క మంచు

యాసంగిలో రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, యూరియా కాస్త ఎక్కువ పడిన వరి మడి ఉంటే అగ్గి తెగులుకు పండగే. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు వస్తాయి. కంకి మెడ దగ్గర పడితే మెడవిరుపు అంటారు, ఆ కంకి గింజ పట్టదు. సాంబ మసూరి లాంటి సన్నాలు దీనికి తేలిగ్గా లొంగుతాయి. ఈ తెగులు తెచ్చే మాగ్నపోర్తె ఒరైజె అనే శిలీంధ్రం ఆకులోకి దూరే తీరు కణజీవశాస్త్రంలో ప్రసిద్ధ పాఠంగా మారింది.

మూడు గదులున్న, బేరిపండు ఆకారపు సిద్ధబీజం ఒకటి గాలికి వచ్చి ఆకు మీద వాలుతుంది. కొనలోంచి జిగురు వదిలి అతుక్కుంటుంది. మంచు చుక్కలో నానిన రెండు గంటలకు దానిలోంచి ఒక గొట్టం మొలుస్తుంది. కింద ఉన్నది గట్టిగా, నున్నగా, మైనపు పూతతో ఉందని గ్రహించిన ఆ గొట్టం కొన దగ్గర ఉబ్బి గుండ్రని గుమ్మటంలా తయారవుతుంది. గుమ్మటం చుట్టూ మెలనిన్ పూత పడుతుంది. మనిషి చర్మానికి, వెంట్రుకలకు నలుపునిచ్చే పదార్థాల కోవకే చెందిన పూత అది. పూత లోపల గ్లిసరాల్ పోగవుతుంది. నీరు లోపలికి వస్తుంది గానీ గ్లిసరాల్ బయటికి పోలేదు. ఒత్తిడి పెరుగుతూ కారు టైరులోని గాలికి దాదాపు 40 రెట్లు అవుతుంది. అడుగున సెప్టిన్లు అనే ప్రోటీన్లు ఉంగరంలా చేరి, మేకు లాంటి ఒక మొనను నిలబెడతాయి. ఆ ఒత్తిడంతా మేకు మీద పడి ఆకు పొర చీలుతుంది. ఇంగ్లండులో నికొలస్ టాల్‌బాట్ బృందం ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. గుమ్మటం తయారవుతున్నంతసేపూ వెనక ఉన్న సిద్ధబీజం తనను తానే జీర్ణం చేసుకొని, ఆ సారాన్ని గుమ్మటానికి పంపి చచ్చిపోతుంది. ఆ స్వీయ జీర్ణక్రియను ఆపితే తెగులు ఆకులోకి దూరలేదు.

వరి రైతులకు బాగా తెలిసిన ట్రైసైక్లజోల్ పనిచేసేది ఈ మెలనిన్ పూత మీదే. ఆ మందు బూజును చంపదు. పూత పడకుండా చేస్తుంది, దాంతో గుమ్మటంలో ఒత్తిడి నిలవదు. కాబట్టి మచ్చ కనిపించిన తొలిదశలోనే కొట్టాలి. లోపలికి దూరిన బూజు మీద దాని ప్రభావం తక్కువ. బాస్మతి బియ్యంలో ఈ మందు అవశేషం మీద యూరప్ గట్టి పరిమితి పెట్టడంతో ఎగుమతిదారులు దాని పేరు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

పాముపొడ తెగులుకు హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ లాంటివి కొడతారు. ఇవి వేరే కుటుంబం, పేరు చివర కొనజోల్ ఉన్న మందులు. బూజు ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోకుండా ఇవి అడ్డుపడతాయి. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఫంగస్‌కు ఇచ్చే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ కూడా ఈ కుటుంబానివే, సరిగ్గా అదే చోట అడ్డుపడతాయి. పొలంలో మందు దెబ్బను తట్టుకొని బతికిన ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు గాలిలో ఎగిరి రోగి ఊపిరితిత్తుల్లోకి చేరితే, అక్కడ ఇచ్చే మందుకూ అది లొంగదు. రోగి ఆ మందు ఒక్క మాత్ర వేసుకోకముందే నిరోధకత తయారై ఉంటుంది. నెదర్లాండ్స్‌లో మొదట బయటపడిన ఈ నిరోధకత భారతదేశపు రోగుల్లోనూ, నేల నమూనాల్లోనూ ఉందని ఢిల్లీ పరిశోధకులు 2012లో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో తొలిసారి ప్రమాదకర శిలీంధ్రాల జాబితా ప్రకటించింది. అందులోని 19 పేర్లలో అత్యంత తీవ్రమైన నాలుగింటిలో ఈ ఫ్యుమిగేటస్ ఒకటి. వ్యవసాయ శాఖ, వైద్య శాఖ వేర్వేరు గదుల్లో కూర్చుని తేల్చే విషయం కాదిది.

రసాయనం తగ్గించే దారుల్లో రైతులకు బాగా చేరువైనది ట్రైకోడెర్మా విరిడి. ఇదీ బూజే, బూజును తినే బూజు. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల పెంటలో, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో కుప్పపోసి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచుతారు. కుప్ప పైన తెల్లగా మొదలై ఆకుపచ్చగా మారే నూగు కనిపిస్తే అది పెరిగినట్టు లెక్క, అప్పుడు దుక్కిలో చల్లుతారు. మట్టిలో వేరుకుళ్లు తెచ్చే బూజు దారాన్ని ట్రైకోడెర్మా దారం తీగలా చుట్టుకొని, దాని గోడను కరిగించి, సారం లాగేస్తుంది. పురుగులను పట్టి చంపే బవేరియా, మెటరైజియం కూడా ఇలాంటి కూలీలే. మొక్కల వేళ్లలో కాపురముండే మైకోరైజా అయితే భాస్వరం తెచ్చిపెట్టి బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. నేల మీది మొక్కల్లో అత్యధిక భాగం ఈ పొత్తు మీదే బతుకుతున్నాయి.

కంట్లో, ముక్కులో

వరి ఆకు అంచు రంపంలా ఉంటుంది. కలుపు తీసేటప్పుడు అది కంటికి గీసుకుంటుంది, నూర్పిడిలో పొట్టు ఎగిరి కంట్లో పడుతుంది. ఆ చిన్న గీత గుండా ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ నల్లగుడ్డు పొరలోకి దిగుతాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పదేళ్ల కాలంలో చూసిన 1352 ఫంగస్ పుండ్ల వివరాలను 2002లో ప్రచురించింది. సగానికి పైగా కేసుల్లో కంటికి ముందు దెబ్బ తగిలి ఉంది. రోగుల్లో ఎక్కువ మంది కష్టం చేసుకునే వయసులోని మగవాళ్లు. మూడో వంతుకు పైగా కేసుల్లో దొరికింది ఫ్యుజేరియం.

నిర్ధారణ పద్ధతి చాలా సాదాది. మత్తు చుక్క వేసి, పుండు అంచును సన్నని బ్లేడుతో గీకి, ఆ కాస్త పదార్థాన్ని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. ఆ క్షారానికి మనిషి కణాలు కరిగి పారదర్శకమవుతాయి. బూజు దారం గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే, అది కరగదు. సూక్ష్మదర్శినిలో కొమ్మలు కొమ్మలుగా దారాలు కనిపిస్తాయి. కొన్ని నిమిషాల్లో తేలే పని. తేలాక నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంట గంటకూ వేయాలి, వారాల తరబడి వాడాలి. ఈ లోపు ఇంటి దగ్గర ఆకుపసరు పిండించుకున్నా, డాక్టరును అడక్కుండా కొన్న స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నా పుండు లోతుకు దిగి చూపు పోతుంది.

స్టెరాయిడే తామరనూ మొండిగా మార్చింది. దురదకు దుకాణంలో దొరికే, స్టెరాయిడ్ కలిసిన మలాములు రాస్తే మూడు రోజులు ఉపశమనం ఉంటుంది. ఆ మూడు రోజులూ చర్మం పోరాటం మానేస్తుంది, బూజు విస్తరిస్తుంది. 2020లో కొత్త జాతిగా పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినీయే అనే తామర బూజు చాలామంది రోగుల్లో టెర్బినాఫిన్ మాత్రలకు కూడా లొంగడం లేదు.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ భయం అందరికీ గుర్తుంది. తెలంగాణ ప్రభుత్వం మే 20న దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ప్రధాన చికిత్సా కేంద్రమైంది. జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. నిజానికి ఈ జబ్బు తెచ్చే రైజోపస్ నల్లటి బూజేమీ కాదు. అది రక్తనాళం గోడ చీల్చుకొని లోపల పెరిగి రక్తాన్ని ఆపేస్తుంది. రక్తం అందక చచ్చిన కండ నల్లబడుతుంది, ఆ నలుపే పేరుకు మూలం. దాని సిద్ధబీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి. రక్తంలో చక్కెర అదుపు తప్పి ఆమ్లాలు పెరిగితే, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము విడిపోతుంది, ఆ ఇనుమే బూజుకు బలం. మధుమేహం, కొవిడ్, స్టెరాయిడ్లు మూడూ ఒకే శరీరంలో కలిసిన వేసవి అది. వాడిన మందు ఆంఫోటెరిసిన్ బీ. అది ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని బూజు పొరను పాడుచేస్తుంది. కొలెస్టరాల్‌నూ కొంత పట్టుకుంటుంది కాబట్టి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కించే రకం కొంత నయం, కానీ అప్పుడు దొరకలేదు. హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు ఈ మందును 60 మిల్లీగ్రాముల మాత్రగా చేసే పద్ధతిని ఆ మే నెలలోనే ప్రకటించి, పరిజ్ఞానాన్ని ఎవరైనా వాడుకునేలా ఉంచారు.

బూజు ఇచ్చిన మందులు

పెనిసిలిన్ కథ అందరూ విన్నదే. కొలెస్టరాల్ మాత్రల పుట్టుక అంతగా విననిది. జపాన్‌లో అకిరా ఎండో సుమారు 6 వేల శిలీంధ్రాలను వడగట్టి, 1973లో కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థాన్ని పట్టుకున్నాడు. అది దొరికిన పెనిసిలియం బూజు క్యోటోలోని ఒక బియ్యం కొట్టులో గింజల మీద పెరిగింది. పోటీకి వచ్చే ఇతర జీవులకు పొర కట్టుకునే సామగ్రి అందకుండా చేయడానికి బూజు ఇలాంటి ఆయుధం తయారుచేసుకుంటుందన్నది ఎండో ఊహ. మన కాలేయంలోనూ అదే తయారీ వరుస ఉంది కాబట్టి ఆ ఆయుధం మన గుండెకు మందయింది. మరో బూజు నుంచి తీసిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. మూత్రపిండం మార్చిన శరీరం దాన్ని తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలోని శిలీంధ్రానిది.

భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలను నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలుగు చూసింది. దాన్ని చేసేది నిజానికి ఒక బాక్టీరియా. దారాల్లా పెరుగుతుంది కాబట్టి ఒకప్పుడు శిలీంధ్రాల సరసన నిలబెట్టారు. ఆయన పోయిన తర్వాత, 1953లో, లెడర్లీలోనే పనిచేసిన హెసెల్టైన్ ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టాడు. తెలుగు పేరు మోస్తున్న బూజు అది.

ఈస్టులో మనిషి జన్యువు

1987లో పాల్ నర్స్, మెలనీ లీ ఒక ప్రయోగం చేశారు. కణ విభజనకు తప్పనిసరైన జన్యువు పాడైన ఈస్టును తీసుకొని, దానికి మనిషి జన్యువులను అందించారు. అందులో ఒకటి ఆ లోటు తీర్చింది, ఈస్టు మళ్లీ విభజన మొదలుపెట్టింది. వంద కోట్ల ఏళ్ల ఎడబాటు తర్వాత కూడా మనిషి భాగం ఈస్టు యంత్రంలో సరిపోయింది. నర్స్‌కు 2001లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఆకలేసిన ఈస్టు తన భాగాలనే తిని ఎలా నిలదొక్కుకుంటుందో కనిపెట్టిన యొషినొరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. అగ్గి తెగులు సిద్ధబీజం గుమ్మటం కట్టడానికి వాడుకునేది అదే ప్రక్రియ. మన నాడీకణాల్లో అది మందగిస్తే చెత్త పేరుకుంటుంది. కణంలో కేంద్రకం ఉన్న జీవుల్లో మొదట పూర్తి జన్యుపటం తయారైంది కూడా ఈస్టుదే, 1996లో, దాదాపు 6 వేల జన్యువులతో.

హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో దుర్గాదాస్ కస్బేకర్ న్యూరోస్పోరా అనే నారింజ రంగు రొట్టె బూజు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జతకట్టే దశలో ఈ బూజు తన జన్యువులన్నిటినీ తనిఖీ చేసుకుంటుంది, ఏ జన్యువైనా రెండు నకళ్లుగా కనిపిస్తే రెండింటినీ చెరిపేస్తుంది. జన్యువుల్లోకి దూరి నకళ్లు పెంచుకునే పరాన్నజీవుల మీద అది దాని కాపలా. ఉప్పల్‌లోని డీఎన్ఏ వేలిముద్రల పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో రూపిందర్ కౌర్ బృందం కాండిడా గ్లాబ్రాటా మీద పరిశోధిస్తోంది. మన తెల్లరక్తకణం ఈ ఈస్టును మింగి అరిగించబోతుంది. ఈస్టు చావకపోగా దాని కడుపులోనే పిల్లలు పెడుతుంది. ఆ గదిలోని ఆకలిని, ఆమ్లాన్ని, దాడిని తట్టుకోవడానికి అది ఏ జన్యువులను మేల్కొలుపుతుందో, డీఎన్ఏ చుట్టలను ఎలా బిగిస్తుందో వాళ్లు ఒక్కొక్కటిగా తేలుస్తున్నారు. అలా దొరికే ప్రతి ప్రోటీనూ కొత్త మందుకు గురి కాగలదు.

మొదట్లో చెప్పుకున్న అఫ్లటాక్సిన్, కాలేయ క్యాన్సర్ సంగతి ఒక్క బూజుతో ముగియదు. షాంఘైలో 18 వేల మంది మగవాళ్లను అనుసరించి చేసిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. ఒంట్లో అఫ్లటాక్సిన్ ఆనవాళ్లు మాత్రమే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లు, హెపటైటిస్ బీ వైరస్ మాత్రమే ఉంటే 7 రెట్లు, రెండూ ఉంటే 59 రెట్లు. కాబట్టి ఆ వైరస్‌ను ఆపడం బూజు విషానికి కోరలు పీకడంతో సమానం. కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో దేశంలో తయారైన తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్ బీ టీకాను విడుదల చేసింది. అప్పటిదాకా దిగుమతి టీకానే దిక్కు, దాని ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. ఈ టీకా కోసం వైరస్ పైతొడుగు ప్రోటీన్ తాలూకు జన్యువును పిచియా పాస్టోరిస్ అనే ఈస్టులో పెట్టారు. మిథనాల్ తిని పెద్ద పెద్ద తొట్లలో చిక్కగా పెరిగే ఆ ఈస్టు, వైరస్ ప్రోటీన్‌ను గుట్టలుగా తయారుచేస్తుంది. ఈస్టు కణాలను పగలగొట్టి, ప్రోటీన్‌ను శుద్ధి చేసి, సీసాల్లోకి ఎక్కిస్తారు. మన కణం చేసినట్టే దాన్ని సరైన మడతలో మడిచి, వైరస్ గుండుల్లాంటి ఉండలుగా పేర్చగలదు కాబట్టే ఈ పనికి బాక్టీరియాను వదిలి ఈస్టును ఎంచుకున్నారు.